ఆవకాయ జాడీతో నడిచిన టాక్సీ

"నీళ్లలోంచి గ్యాసు తీసి ఇంజనుకి పట్టిస్తే మైలేజి పెరుగుతుందా సార్?" అని మోటారు పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఎక్కడో వీడియోలో చూశామంటారు. జవాబు నాకు తెలుసు. అయినా వెంటనే చెప్పను. "మీరైతే ఎలా కనుక్కుంటారు?" అని ఎదురు అడుగుతాను. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు. ఉన్నవాళ్లకి దైవసహాయం మాస్టారి సంగతి చెబుతాను. ఈసారి రాసిపెడుతున్నాను.

నేను ఆటోమొబైల్ డిప్లొమా చేసి, డెబ్బైల మొదట్లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చేరాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాస్తే నాకు తప్ప ఎవరికీ పట్టదు. ఇంజన్లు నాకు ఏం నేర్పాయో, వాటిని తెచ్చిన మనుషులు ఏం నేర్పారో అది రాస్తే మీకు పనికొస్తుంది.

మా యజమాని వీరరాఘవయ్య గారు. పంచె మీద గ్రీజు మరక పడకుండా రోజంతా షెడ్డులో తిరిగే మనిషి. పిసినారి. కొలత చూసే గేజీ కొనమంటే "నీ చెవులున్నాయిగా" అనేవారు. ఈ విషయంలో ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఒక్క మాట మాత్రం బంగారం లాంటిది చెప్పారు, నేను చేరిన వారంలోనే. "బండి తెచ్చినాయన చెప్పేదంతా విను. నమ్మమాక. అట్టాగని నవ్వనూ నవ్వమాక. నవ్వితే రెండోసారి నీకు నిజం చెప్పడు."

కలరా ఉండల కాలం

పెట్రోలు ధర ఒక్కసారిగా ఆకాశానికి ఎక్కిన రోజులవి. ఎక్కడో అరబ్బు దేశాల్లో ఏదో జరిగితే ఇక్కడ బెంజి సర్కిల్ దగ్గర టాక్సీవాడు ఇంజను ఆపేసి తోసుకుంటూ వెళ్లేవాడు. అవసరం నేర్పని విద్య లేదంటారు కదా. ఒకాయన పెట్రోలు ట్యాంకులో కలరా ఉండలు వేశాడు, బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేవే. ఇంకొకాయన కిరసనాయిలు కలిపి, పొగ చూసి పక్కవాళ్లు తిడుతుంటే బండి పాతబడిందని బుకాయించాడు. పెట్రోలు గొట్టానికి అయస్కాంతం కట్టుకుని వచ్చినవాడూ ఉన్నాడు.

అందరూ ప్రమాణం చేసి చెప్పే మాట ఒకటే, మైలేజి పెరిగిందని. నాకు వింతగా ఉండేది. వీళ్లంతా అబద్ధాలకోరులు కారు. మరి ఉండల వల్లా పెరిగి, అయస్కాంతం వల్లా పెరిగి, ఏది పెట్టినా పెరుగుతుంటే అసలు పెరిగేది దేనివల్ల? ఆ ప్రశ్న నన్ను చాన్నాళ్లు దోమలా కుట్టింది.

జాడీ వచ్చింది

ఆ ఏడు వానలు తగ్గాక, మైలవరం నుంచి కోటయ్య టాక్సీ మా షెడ్డుకి వచ్చింది. కోటయ్య సొంత బండి నడుపుకునే మనిషి. మైలవరం, విజయవాడ మధ్య పెళ్లివాళ్లనీ జబ్బుపడ్డవాళ్లనీ తిప్పేవాడు. ఆయన పక్క సీట్లోంచి తెల్ల చొక్కా వేసుకున్న సన్నపాటి ఆయన దిగారు. మైలవరం హైస్కూల్లో సైన్సు చెప్పే దైవసహాయం మాస్టారు.

బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన ఆవకాయ జాడీ కనపడింది! తాళ్లతో, గోనెపట్టాతో పసిపిల్లని కట్టినట్టు కట్టారు. మూతని లక్కతో అంటించారు. రెండు వైర్లు లోపలికి వెళ్తున్నాయి, ఒక రబ్బరు గొట్టం బయటికొచ్చి కార్బురేటరు గాలి పీల్చే చోటికి వెళ్తోంది.

"లోపల స్టీలు పళ్లేలు కత్తిరించి పెట్టానండి," అన్నారు మాస్టారు, క్లాసులో చెప్పినట్టే చెయ్యి ఊపుతూ. "నీళ్లలో కాస్త కాస్టిక్ సోడా కలిపాను. కరెంటు పారితే నీరు విడిపోయి హైడ్రోజనూ ఆక్సిజనూ వస్తాయి. ఆ రెండూ ఇంజన్లోకి పోతే పెట్రోలు పూర్తిగా మండుతుంది. గాజుసీసా పెడితే వేడికి పగిలింది. జాడీ అయితే సోడాకీ చెదరదు, వేడికీ చెదరదు."

"మా అత్తగారి జాడీ అండి," అన్నాడు కోటయ్య. "అడిగితే ఇవ్వదని అడగకుండా తెచ్చా. ఇది పగిలిందంటే నన్ను ఊళ్లో బతకనియ్యదు."

లీటరుకి దాదాపు రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తోందని ఇద్దరూ చెప్పారు. నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే నవ్వాలనిపించలేదు కూడా. ఇంజను స్టార్టు చేసి, గొట్టం తీసి సబ్బునీళ్లలో ముంచితే బుడగలు బుసబుసా వచ్చాయి. నీళ్లూ, నాలుగు రేకు ముక్కలూ, మామూలు బ్యాటరీ! నాకు ఒళ్లు ఝల్లుమంది. పుస్తకంలో చదివిన సంగతి బానెట్ కింద బతికి కనపడటం అదే మొదటిసారి.

"ఇది పనిచేస్తుందని మీ వర్క్‌షాపు ఒక్క మాట చెబితే చాలండి," అన్నారు మాస్టారు. "స్పేర్ పార్టుల షాపాయన పెట్టుబడి పెడతానంటున్నాడు. నేను ఉద్యోగం మానేసి ఇదే చేస్తాను. దసరా సెలవులయ్యాక బడి తెరిచే రోజున రాజీనామా ఇచ్చేస్తాను."

మా యజమాని నా వైపు చూశారు. "మావాడు పరీక్ష చేసి చెబుతాడు లెండి, మాస్టారూ. తొందరేముంది," అన్నారు.

హారతి

ఆటోనగర్‌లో ఆయుధపూజ చూడనివాళ్లకి అదెలా ఉంటుందో చెప్పటం కష్టం. స్పానర్ నుంచి లేత్ మిషన్ దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా. వీధి పొడుగునా బంతిపూల దండలు వేసుకున్న లారీలు. కోటయ్య కూడా టాక్సీని మా షెడ్డు ముందే పెట్టి పూజ చేయించాడు. మాస్టారు క్రైస్తవులు, చేతులు కట్టుకుని మర్యాదగా పక్కన నిలబడ్డారు. ప్రసాదం పెడితే కాదనకుండా తీసుకున్నారు.

బండికి పూజంటే చక్రాలకీ స్టీరింగుకీ బొట్లు పెడితే సరిపోతుంది. కోటయ్యకి సరిపోలేదు. సంపాదించిపెడుతున్నది జాడీ కదా! బానెట్ ఎత్తాడు, జాడీకి పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. బండి ప్రాణంతో ఉన్నప్పుడు హారతి ఇవ్వాలని ఇంజను స్టార్టు చేశాడు. పళ్లెంలో కర్పూరం వెలిగించి జాడీ చుట్టూ తిప్పటం మొదలుపెట్టాడు.

"కోటయ్యా, వద్దు!" అని మాస్టారూ నేనూ ఒక్కసారే అరిచాం.

గొట్టం జాడీలో దూరే చోట గ్యాసు సన్నగా కారుతోందని అప్పుడు ఎవరికి తెలుసు? తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. మూత ఎగిరి బానెట్‌కి కొట్టుకుంది. హారతి పళ్లెం రోడ్డు మీద పడింది. కోటయ్య కనుబొమలు కమిలాయి. మూతని లక్కతోనే అంటించారు కాబట్టి అది లేచిపోయింది. గట్టిగా బిగించి ఉంటే జాడీ పగిలి, సోడానీళ్లు కళ్లల్లో పడేవి. నీళ్లు పోసి కోటయ్య మొహం కడిగించాం. కొత్తవాళ్లకి ఇక్కడ ఒక్క మాట చెబుతాను. హైడ్రోజనుకి రంగూ వాసనా లేవు. అక్కడ ఉందని మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆటలొద్దు.

కానీ నన్ను అంతకంటే భయపెట్టింది చప్పుడు తర్వాత జరిగినది. వీధిలో జనం మూగి, "బాబోయ్, ఎంత శక్తిరా!" అన్నారు. "ఇంత శక్తి ఇంజన్లోకి పోతే బండి పరిగెత్తదూ?" అన్నాడొకడు. పెట్టుబడి పెడతానన్న షాపాయన అక్కడే ఉన్నాడు, ఆయన కళ్లు మెరిశాయి. మాస్టారి మొహంలో భయం పోయి గర్వం రావటం నేను చూశాను. పేలటం వేరు, పెట్రోలు మిగలటం వేరు. ఆ తేడా ఆ వీధిలో ఆ పూట ఎవరికీ అక్కర్లేకపోయింది.

మాస్టారు మర్నాడే గొట్టానికి మధ్యలో నీళ్లసీసా ఒకటి పెట్టారు, మంట వెనక్కి రాకుండా. తెలివైనవారు కాదని ఎవరనగలరు?

సుశీలమ్మ గారు

పూజ రోజు సాయంత్రమే మాస్టారి భార్య సుశీలమ్మ గారు షెడ్డుకి వచ్చారు. ఊళ్లో చుట్టాలింట్లో దిగారట. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీరేనా బాబూ పరీక్ష చేసేది?" అన్నారు. "మాకు ముగ్గురు పిల్లలు. ఆ జీతం ఒక్కటే ఇంట్లోకి వచ్చేది. ఇది పనిచేస్తే సంతోషం, ఉద్యోగం మానమనే చెబుతాను. చెయ్యకపోతే చెయ్యదని చెప్పండి. ఎటూ తేల్చకుండా మాత్రం వదిలెయ్యబాకండి."

"అలాగేనమ్మా."

"ఇంకోటి. ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యకండి. ఈ జాడీ వచ్చాక ఇంట్లో మాట్లాడటమే మానేశారు. అన్నం దగ్గర కూడా లెక్కలే. ఇప్పుడు మనిషి విరిగితే మళ్లీ లేవరు."

ఆవిడ వెళ్లాక నాకు చాలాసేపు పని తోచలేదు. అప్పటిదాకా నాకది ఒక తమాషా ప్రశ్న. ఇప్పుడు దాని చివర ఒక ఇల్లు ఉంది.

గేదె, వెన్న

కాగితం మీద లెక్క నేను ముందే వేసుకున్నాను. జాడీకి కరెంటు బ్యాటరీ ఇస్తుంది, బ్యాటరీని డైనమో నింపుతుంది, డైనమోని తిప్పేది ఇంజనే. అంటే పెట్రోలు కాల్చి, దాంతో డైనమో తిప్పి, ఆ కరెంటుతో నీళ్లు విడగొట్టి, వచ్చిన గ్యాసు మళ్లీ ఇంజనుకే పెడుతున్నాం. దారిలో ప్రతి మజిలీలోనూ కొంత పోతుంది. గేదె పాలు తోడేసి, చిలికి, ఆ వెన్న గేదెకే తినిపించి, ఇంకా ఎక్కువ పాలిమ్మన్నట్టు.

అయితే కొంచెం హైడ్రోజను కలిస్తే పెట్రోలు బాగా మండుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. ఆ లాభం ఈ నష్టాన్ని మించుతుందా? మించదనే నా లెక్క చెబుతోంది. కానీ కోటయ్య బండి రెండు కిలోమీటర్లు ఎక్కువ నడుస్తున్నమాటా నిజమే, నేనే ఒకసారి కొలిచి చూశాను. లెక్కా తప్పు కాదు, బండీ అబద్ధం చెప్పదు. మరి?

యజమానికి చెబితే, "లెక్క ఆయనకి చెప్పమాక," అన్నారు. "మాస్టారికి నువ్వు పాఠం చెబితే వింటాడా? పరీక్ష ఆయన చేతే పెట్టించు."

ఆయన మీద నాకున్న కోపాల్లో సగం ఆ మాటతో పోయాయి.

కూచిపూడి రోడ్డు

గ్యాసు గొట్టానికి ఒక కొళాయి బిగించాను. ఒకవైపు తిప్పితే గ్యాసు ఇంజన్లోకి వెళ్తుంది, రెండోవైపు తిప్పితే బయటి గాలిలోకి పోతుంది. ఊరికే మూసేస్తే జాడీలో ఒత్తిడి పెరిగి మళ్లీ పేలుతుంది కాబట్టి అలా చేశాను. పెట్రోలుకి ట్యాంకు వదిలేసి, గీతలు పెట్టిన డబ్బా ఒకటి కట్టాం. టైర్లలో గాలి ప్రతిసారీ ఒక్కలాగే.

"కొళాయి మీరే తిప్పండి, మాస్టారూ," అన్నాను. "ఎటు తిప్పారో నాకూ చెప్పొద్దు, కోటయ్యకీ చెప్పొద్దు. అన్నీ అయ్యాక చెబుదురు గాని."

ఆయన మొహం వెలిగింది. "ఇదండీ పద్ధతంటే!" అన్నారు. సైన్సు మాస్టారు కదా, నచ్చకుండా ఎలా ఉంటుంది? ఆ వెలుగు చూసి నాకు సుశీలమ్మ గారు గుర్తొచ్చారు.

ఆటోనగర్ నుంచి కూచిపూడికి, మళ్లీ వెనక్కి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా చదునైన రోడ్డు, పక్కనే కాలువ, రెండు వైపులా ఆకుపచ్చగా వరి. ప్రతిసారీ బండిలో మేం ముగ్గురమే. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటి. బయల్దేరేముందు మాస్టారు మమ్మల్ని అటు తిరగమని, బానెట్ కింద చెయ్యి పెట్టి కొళాయి సర్ది, బానెట్ మూసేవారు. వచ్చాక నేను డబ్బాలో పెట్రోలు చూసి పైకి చదివేవాణ్ణి. ఆయన ఏమీ అనేవారు కాదు. రెండో రోజుకి ఆయన మాటలు తగ్గాయి. మూడో రోజు పామర్రులో టీ తాగుతూ గ్లాసు చేతిలోనే పెట్టుకుని కాలువ వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ రోజు షెడ్డులో దిగాక, "అన్నీ ఒక్కటేనండి," అన్నారు మెల్లగా. "గ్యాసు వెళ్లినప్పుడూ అంతే, గాలిలోకి వదిలినప్పుడూ అంతే."

ఆయన కాసేపు జాడీ వైపు చూశారు. తర్వాత ఆయన అడిగిన మాటని నేను జన్మలో మరిచిపోను. అక్కడ ఆగిపోయి ఇంటికి వెళ్లే మనిషైతే ఈ కథ నేను రాసేవాణ్ణి కాదు.

"మరి ఆ రెండు కిలోమీటర్లు ఎక్కణ్ణించి వస్తున్నాయండీ? గ్యాసు వృథాగా పోతున్నా అవి వస్తూనే ఉన్నాయిగా! రేపు జాడీ మొత్తం దించేసి ఒక్కసారి వెళ్దాం."

మర్నాడు జాడీ దించాం. కోటయ్య సీట్లో సర్దుకుని కూర్చుని, "హమ్మయ్య, ఇవాళ కాళ్లు చాపుకోవచ్చు," అన్నాడు. కంకిపాడు దాటేసరికి టాక్సీ బాణంలా పోతోంది. ఎడ్లబండి అడ్డొస్తే గట్టి బ్రేకు, దాటగానే మళ్లీ తొక్కుడు. గుంటల్లో ఎగిరి పడుతున్నాం. ముందు సీట్లో మాస్టారు రోడ్డు చూడటం లేదు. కిందికి, కోటయ్య కాలు వైపు చూస్తున్నారు. ఉయ్యూరు దగ్గర వెనక్కి తిరిగారు.

"చూశారా?" అన్నారు. "నిన్నటిదాకా ఈ కాలు పెడలు మీద పువ్వు పెట్టినట్టు ఉంది. కోటయ్యా, నిన్న ప్రతి వంతెన దగ్గరా ఎందుకు నెమ్మదించావు?"

"జాడీ ఉందిగా మాస్టారూ! పగిలితే మా అత్త ఊరుకుంటుందా?"

మాస్టారు పగలబడి నవ్వారు. కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ నీళ్లు అన్నీ నవ్వువి కావని నాకు తెలుసు. డబ్బా చూస్తే పెట్రోలు కరెక్టుగా జాడీ పెట్టకముందు కోటయ్య లెక్కకే వచ్చింది. బండిని మార్చింది గ్యాసు కాదు, ఆవకాయ జాడీ పగులుతుందన్న భయం.

కలరా ఉండలవాళ్లూ, అయస్కాంతంవాళ్లూ నాకు అప్పుడు అర్థమయ్యారు. మైలేజి మీద మనసు పెట్టినవాడు కాలు తేలిగ్గా వేస్తాడు, తను వేస్తున్నానని తనకే తెలియదు. అందుకే మీరు ఏ కొత్త వస్తువునైనా పరీక్ష చేసేటప్పుడు అది పనిచేస్తోందో లేదో బండి నడిపేవాడికి తెలియనివ్వకండి. నా వృత్తిలో నేను నేర్చుకున్నవాటిలో దీనంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

మైలవరం బస్సు

షెడ్డులో స్పేర్ పార్టుల షాపాయనా, ఇంకో పదిమందీ ఫలితం కోసం కాచుకుని ఉన్నారు. ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామని నేను నోరు తెరిచాను. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"గ్యాసు వల్ల లాభమేమీ లేదండి," అన్నారు అందరితో. "నేనే పరీక్ష చేశాను. నా తప్పు నేనే పట్టుకున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. "ఏంట్రా నవ్వు? నువ్వైతే పట్టుకునేవాడివా?" అని కోటయ్య వాడి మీదికి వెళ్లాడు. మా యజమాని మధ్యలోకి వచ్చి అందరికీ గోళీసోడాలు తెప్పించారు. పిసినారి మనిషి, అన్నీ తన ఖాతాలోనే.

మర్నాడే బడి తెరుస్తారు. కోటయ్యకి అప్పటికే ఊళ్లో ఏదో కిరాయి తగిలింది. నేను మాస్టారిని బస్టాండుకి తీసుకెళ్లాను. దారిలో, "మీకు ముందే తెలుసా?" అని అడిగారు.

"అనుమానం ఉందండి. లెక్క వేశాను."

"మరి చెప్పలేదే?"

"చెబితే నమ్మేవారా?"

ఆయన కొంచెం ఆలోచించి, "నమ్మేవాణ్ణి కాదు," అన్నారు. ఆ తర్వాత నేలచూపులు చూస్తూ నడిచారు. మనిషి విరిగితే మళ్లీ లేవరన్న మాట నా చెవిలో మోగుతోంది. నాకు చాలా భయమేసింది.

సుశీలమ్మ గారు బస్సు పక్కనే సంచీతో నిలబడి ఉన్నారు. మా మొహాలు చూసి, "ఏమైందండీ?" అన్నారు.

"లేదు సుశీలా. గ్యాసు పనిచెయ్యలేదు."

ఆయన బస్సు మెట్టు మీద కాలు వేశారు. వేసి, ఆగి, కిందికి దిగారు.

"అయితే ఏం జరిగిందో తెలుసా?" అన్నారు. "ముందు కొళాయి సంగతి చెబుతాను, విను."

మొదలుపెట్టారు. ఆవిడ చేతిలో సంచీ తీసుకుని ఇది జాడీ అనుకో అన్నారు. తన కుడికాలు కోటయ్య కాలు చేశారు. వంతెన వస్తే ఎలా నెమ్మదించాడో, జాడీ లేని రోజు ఎలా తొక్కాడో, అడుగులు వేసి మరీ చూపించారు. గొంతు పెరిగింది. పక్కన పల్లీలు అమ్మేవాడు బుట్ట దించి వింటున్నాడు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఆగారు. "ఇప్పుడు చెప్పండి, పెట్రోలు మిగిల్చింది ఎవరు?" అని వాళ్లని కూడా ప్రశ్న అడిగారు. ఒకడు "గ్యాసు" అంటే, "మళ్లీ ఆలోచించు" అని మొదటికి వెళ్లారు.

"మైలవరం, మైలవరం" అని కండక్టరు అరుస్తున్నాడు. నేను చెప్పబోతే సుశీలమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు. బస్సు కదిలి వెళ్లిపోయింది. మాస్టారు చూడనేలేదు, కాలేజీ కుర్రాడి దగ్గర సరైన జవాబు రాబట్టే పనిలో ఉన్నారు.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"పోతే పోయిందిలే బాబూ, ఇంకో బస్సు ఉంది," అన్నారు నాతో. "ఈయన ఇలా పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో!"